మీ బండి, మా మాట: ఎర్ర బాంటమ్‌కి అడ్వాన్స్ ఇచ్చేయొచ్చా?

ఈ నెల వచ్చిన ప్రశ్నలు చూస్తే ఎక్కువ పాత ఇంగ్లీషు చిన్న బండ్ల గురించే ఉన్నాయి. పెద్ద బండ్ల గురించి, బుల్లెట్ల గురించి అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు గానీ 125, 200 సీసీ బండ్ల మీద బెజవాడ, గుంటూరు వాళ్లకి ఇంత ప్రేమ ఉందని తెలిసి నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే మొదటి ప్రశ్నకి కొంచెం ఎక్కువే రాశా, మిగతా వాళ్లు ఏమీ అనుకోకండి, అందులో చెప్పింది మీకూ పనికొస్తుంది.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది పటమట. అజిత్‌సింగ్ నగర్‌లో ఒకాయన బీఎస్ఏ బాంటమ్ అమ్ముతున్నాడు, 1951 మోడల్, 125 సీసీ అంటున్నాడు. ఫుల్ రెడ్ పెయింట్, నికెల్ అంతా అద్దంలా ఉంది, ఇంగ్లండ్‌లో పోస్టాఫీసు బండి ఇదేనంట. నేను వెళ్లేసరికే స్టార్ట్ చేసి పెట్టాడు, సౌండ్ బాగుంది. ఆర్సీ ఎక్కడో పోయిందంట, స్టాంపు పేపర్ మీద సేల్ లెటర్ రాసిస్తానంటున్నాడు. రేటు లక్షా నలభై వేలు. ఆదివారంలోపు పదివేలు అడ్వాన్స్ ఇవ్వకపోతే హైదరాబాద్ పార్టీకి ఇచ్చేస్తాడంట. బండి చూసిన దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు, ఇంట్లో మాత్రం వద్దంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, ఆదివారంలోపు పదివేలు కాదు, పది రూపాయలు కూడా ఇవ్వొద్దు. బండి మంచిది కాదని కాదు, మీరు రాసినదాంట్లో బండి గురించి మీకు తెలిసింది ఏమీ లేదు, పెయింట్ గురించి మాత్రమే తెలుసు.

ముందు అసలు ఆ బండి ఏంటో చెప్తా, మీ నిద్ర పోవడం తప్పు కాదని నాకూ తెలుసు కాబట్టి. బీఎస్ఏ అంటే మన ఊళ్లో సైకిలే గుర్తొస్తుంది, కానీ అది బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసే కంపెనీగా మొదలైంది, అందుకే దాని గుర్తులో మూడు తుపాకులు నిలబెట్టి ఉంటాయి. బాంటమ్ ఇంజిన్ మాత్రం పుట్టుకతో ఇంగ్లీషుది కాదు. జర్మనీలో డీకేడబ్ల్యూ వాళ్ల ఆర్‌టీ 125 అని యుద్ధానికి ముందు బండి ఒకటి ఉండేది, యుద్ధంలో జర్మనీ ఓడిపోయాక నష్టపరిహారం కింద ఆ డిజైన్ గెలిచిన దేశాల చేతికొచ్చింది. రష్యా వాళ్లు మాస్క్వా అని చేశారు, అమెరికాలో హార్లే వాళ్లు ఒక 125 చేశారు, 1955లో యమహా వాళ్లు చేసిన మొట్టమొదటి బండి వైఏ-1 కూడా ఆ డిజైన్ చూసి చేసిందే. బీఎస్ఏ వాళ్లు 1948లో దాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి, గేరు కుడికాలి వైపుకి తెచ్చి, బాంటమ్ అని పేరు పెట్టారు. బాంటమ్ అంటే పొట్టి జాతి కోడి, ట్యాంకు మీద కూత కూస్తున్న పుంజు బొమ్మ ఉంటుంది. పల్నాడు పక్కన పుట్టిన నాకు ఆ బొమ్మ చూస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

డీ1 అనే ఆ మొదటి మోడల్ 123 సీసీ టూస్ట్రోక్, మూడు గేర్లు, నాలుగున్నర హార్స్‌పవర్, అంటే ఇవాళ మన కూరగాయల వాళ్లు తోలే ఎక్సెల్ 100కి దగ్గర్లో ఉంటుంది. బరువు 70, 80 కిలోల మధ్య. గంటకి 55, 60లో హాయిగా పోతుంది, అంతకు మించి తోలకూడదు. తర్వాత 150 వచ్చింది, 175 వచ్చింది, 1971 దాకా లక్షల్లో చేశారు. ఈ లక్షల్లో అన్నది మీకు ముఖ్యం, ఎందుకంటే దీని సామాను ఇంగ్లండ్‌లో ఇప్పటికీ దొరుకుతుంది, కస్టమ్స్ డ్యూటీ కలుపుకుని తెప్పించుకోవచ్చు. అంటే బండిలో ఏ పార్టు పోయినా బాధలేదు. దొరకనిది ఒక్కటే, ఆర్సీ.

ఇక్కడే నాకు భయం. ఆర్సీ పోయిందంటే డూప్లికేట్ తీస్తారు, దానికి ఫారం 26 ఉంది, కానీ ఆ అప్లికేషన్ పెట్టాల్సింది ఎవరి పేరున రిజిస్ట్రేషన్ ఉందో వాళ్లు. మీకు అమ్మేవాయన పేరున ఉందా? ఆయన ఇంకెవరి దగ్గరో సేల్ లెటర్ మీద కొన్నాడా? ఆ ఇంకెవరో మరొకరి దగ్గర కొన్నాడా? ఇలా మూడు చేతులు మారిందంటే మధ్యలో స్టాంపు పేపర్లు ఎన్ని ఉన్నా ఆర్టీవో ఆఫీసులో చెల్లవు, మొదటి ఓనరో ఆయన వారసులో వచ్చి సంతకం పెట్టాల్సిందే. కాబట్టి మీరు అడగాల్సిన మొదటి మాట రేటు కాదు, బండి నంబరు. నంబరు తీస్కుని ఆఫీసుకెళ్లి రికార్డు ఉందా, ఎవరి పేరున ఉంది, ఫైనాన్స్ ఏమైనా చూపిస్తోందా అని కనుక్కోండి. చాలా పాత నంబర్లు కంప్యూటర్‌లో ఎక్కి ఉండవు, పాత రిజిస్టర్లు తీయించి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి, ఓపిక కావాలి, కానీ రికార్డు ఉంటే పనవుతుంది.

కొందరు అంటారు, ఇప్పుడు వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది కదా కాగితాలు లేకపోయినా అందులో పెట్టేయొచ్చు అని. అది తప్పు. కేంద్రం 2021లో తెచ్చిన రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటిన బండి, పెద్దగా మార్పులు చెయ్యకుండా ఒరిజినల్‌గా ఉంటే వింటేజ్ కింద పెట్టుకోవచ్చు, ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5 వేలు. కానీ మన దేశంలో ముందే రిజిస్టర్ అయిన బండికి పాత ఆర్సీ జతచెయ్యాలి, బయట్నుంచి దిగుమతి చేసిందైతే బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్ దగ్గర దిగుమతి కాగితం, జతచెయ్యాలి. అక్కడా కాగితమే. ఆర్సీ ఉంటే మాత్రం పాత నంబరే ఉంచుకోవచ్చు, ఆ నంబరు పోకుండా ఉండటం నా దృష్టిలో బండి అందంలో సగం. కొత్తగా ఇచ్చే నంబర్లకి మధ్యలో వీఏ అని వస్తుంది.

రెండోది నంబర్లు. ఫ్రేమ్ నంబరు హ్యాండిల్ కింద హెడ్ దగ్గర ఉంటుంది, ఇంజిన్ నంబరు క్రాంక్‌కేస్ మీద, అంటే ఇంజిన్ కింది డబ్బా మీద ఉంటుంది. ఆ కాలం బీఎస్ఏల్లో ఈ రెండూ ఒకటే ఉండాలని ఏమీ లేదు, కంపెనీ నుంచే వేరువేరుగా వచ్చేవి, కాబట్టి తేడాగా ఉన్నాయని కంగారుపడొద్దు, ఉన్న రెండూ ఆర్సీలో రాసినదానితో కలవాలి అంతే. పెయింట్ మందంగా పూసి నంబరు కనపడకపోతే, లేదా గ్రైండింగ్ పట్టి మళ్లీ గుద్దినట్టు అక్షరాలు వంకరగా ఉంటే, టీ తాగి లేచి వచ్చేయండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకునేది అక్కడే, ఆయన ముందు నిలబడాల్సింది మీరు, అమ్మినాయన కాదు.

మూడోది మీరు రాసిన ఊరి పేరు. సింగ్ నగర్ అన్నారు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వచ్చినప్పుడు ఆ ఏరియాలో ఎన్ని ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు, మనం అందరం చూశాం. ఆ బండి అప్పుడు ఎక్కడుంది? ఆయన్ని తిన్నగా అడగండి, నిజం చెప్తే గౌరవించండి, వరదలో మునిగిన వాళ్ల తప్పేం లేదు. కానీ టూస్ట్రోక్ బండి నీళ్లలో మునిగితే సంగతి వేరే. ఫోర్‌స్ట్రోక్‌లో క్రాంకు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, నూనెలో ఉంటుంది, దీంట్లో పెట్రోలూ గాలీ కలిసి క్రాంక్‌కేస్‌లోంచే పైకి పోతాయి, పెట్రోల్లో కలిపిన ఆయిలే క్రాంకుకి దిక్కు. అందులో బురదనీళ్లు దిగి నిలిచిపోతే బేరింగులూ, కనెక్టింగ్ రాడ్ కింద రోలర్లూ తుప్పు పడతాయి. పైన పెయింట్ కొట్టి కార్బురేటర్ క్లీన్ చేస్తే బండి స్టార్ట్ అవుతుంది, సౌండ్ కూడా బాగుంటుంది, వంద కిలోమీటర్లు పోయాక తెలుస్తుంది.

ఎలా కనిపెట్టాలంటే, గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్ట్ కొంచెం లూజ్ చేసి నాలుగు చుక్కలు తియ్యమనండి, మజ్జిగలా తెల్లగా వస్తే నీళ్లు కలిశాయి. ఇంజిన్ పక్కన కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కవర్ విప్పించి మూలల్లో ఒండ్రు ఉందేమో చూడండి. హెడ్‌లైట్ డూమ్ లోపల, టూల్‌బాక్స్ అడుగున, సీటు కింద చూడండి. పెయింటర్లు పైన పట్టించుకున్నట్టు అక్కడ పట్టించుకోరు.

అక్కడ చూసేటప్పుడే ఇంకోటి కూడా చూడండి, అడుగున పాత రంగు ఏమిటి అని. డీ1కి కంపెనీ రంగు లేత ఆకుపచ్చ, ట్యాంకు పక్కన మీగడ రంగు. ఇంగ్లండ్ పోస్టాఫీసు వాళ్లు టెలిగ్రాం కుర్రాళ్లకి ఎర్ర బాంటమ్‌లు ఇచ్చిన మాట నిజమే, కానీ ఇండియాలో ఉన్న ఎర్ర బాంటమ్ ఆ బండే అని చెప్పడానికి ఆయన దగ్గర ఏముంది? ట్యాంకు అడుగున ఆకుపచ్చ కనపడితే అది మామూలు బండి, మామూలు బండి కావడం కూడా గొప్పే, ఆ కథకి మాత్రం డబ్బులివ్వొద్దు.

ఇప్పుడు ఇంజిన్. మీరు వెళ్లేసరికే స్టార్ట్ చేసి పెట్టాడన్నారు, నాకు బాగా నచ్చని మాట అది. మళ్లీ వెళ్లేటప్పుడు చెప్పకుండా పొద్దున్నే వెళ్లండి, సిలిండర్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉంటేనే కిక్ కొట్టమనండి. మంచి బాంటమ్ చల్లగా ఉన్నప్పుడు చోక్ వేసి మూడు నాలుగు కిక్కులకి అందుకోవాలి. మొదట నీలం పొగ వస్తుంది, కంగారుపడొద్దు, రెండు మూడు నిమిషాలకి తగ్గాలి. ఎంతసేపటికీ తగ్గకపోతే క్రాంకు ఆయిల్ సీల్ పోయి గేర్‌బాక్స్ నూనె ఇంజిన్‌లోకి లాగేస్తోందన్నమాట. రెండోవైపు సీల్ పోతే ఇంకా ప్రమాదం, పొగ రాదు, బయటి గాలి లోపలికి లాగి పెట్రోల్ పలచబడి పిస్టన్ పట్టేస్తుంది.

ఇది నాకు జరిగింది. చాలా ఏళ్ల కింద విలియర్స్ అనే ఇంగ్లీషు కంపెనీ ఇంజిన్ ఉన్న బండి ఒకటి ఇలాగే నికెల్ చూసి కొన్నా, కాగితాలు తర్వాత ఇస్తానన్నాడు, గుంటూరు నుంచి వస్తూ మంగళగిరి దాటగానే ఇంజిన్ పట్టేసి వెనక చక్రం లాక్ అయింది, వెనకాల వస్తున్న లారీ ఆయన బ్రేక్ కొట్టబట్టి ఇవాళ ఇది రాస్తున్నా. క్రాంకు బాగు చేయించుకున్నా, కాగితాలు మాత్రం ఇప్పటికీ రాలేదు, ఆ బండి మా వరండాలోనే ఉంది, రోడ్డెక్కలేదు. మీకు అలా కాకూడదనే ఇంత పొడుగు రాస్తున్నా.

తర్వాత ఇంజిన్ ఆపి, ప్లగ్ తీసి, మ్యాగ్నెట్ చక్రాన్ని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ ఆడించండి. కదిలితే మెయిన్ బేరింగ్ పోయింది. ముందుకీ వెనక్కీ చిన్నగా తిప్పితే టక్ టక్ అని తగిలితే కనెక్టింగ్ రాడ్ పని ఉంది. పని ఉందంటే కొనొద్దని కాదు, మన ఆటోనగర్‌లో క్రాంకు ప్రెస్ చేసి డయల్ గేజ్ పెట్టి సరిచేసే చేతులు ఇంకా ఉన్నాయి, ఆ ఖర్చు రేట్లోంచి తగ్గించాలి అంతే. చివరగా ఒక ఐదు కిలోమీటర్లు తోలండి, రెండో గేర్‌లో ఎక్కించి యాక్సిలరేటర్ వదిలితే గేరు జారుతోందేమో చూడండి. ఆపి పది నిమిషాలు నీడలో కూర్చుని మళ్లీ కిక్ కొట్టండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయ్యి వేడెక్కాక మొండికేస్తే మ్యాగ్నెట్‌లో కాయిల్ పోతోందని అర్థం, బెజవాడ ఎండల్లో ఆ కాయిల్‌తో మీరు బెంజ్ సర్కిల్ దాటలేరు.

రేటు సంగతి. ఆర్సీ ఆయన పేరున ఉండి, నంబర్లు కలిసి, కింద ఇంజిన్ గట్టిగా ఉంటే పెయింట్ వెలిసిపోయినా ఆయన అడిగిన దాని దగ్గర్లో మాట్లాడుకోవచ్చు. ఆర్సీ రికార్డు దొరక్కపోతే దాన్ని బండిగా కాదు, సామానుగా లెక్కేసి అడగండి. అడ్వాన్స్ ఇవ్వాల్సి వస్తే ఆర్సీ కాపీ, ఆయన ఆధార్ కాపీ చేతికొచ్చాక, పేరు మార్పిడి కాగితాలైన ఫారం 29, 30 మీద ఆయన సంతకాలు పెట్టిన రోజే ఇవ్వండి. హైదరాబాద్ పార్టీ నిజంగా ఉంటే వాళ్లూ ఇవే అడుగుతారు. ఇంట్లో వాళ్లు వద్దంటున్నారన్నారు కదా, బండి చూడ్డానికి వాళ్లలో ఒకర్ని తీసుకెళ్లండి, ఇష్టం లేని మనిషికి లోపాలు తొందరగా కనపడతాయి. నంబర్ల ఫోటోలు తీసి నాకు పంపండి, నేను చూస్తా.

ప్రశ్న: నమస్తే అండి. మాది గుంటూరు బ్రాడీపేట. నాన్నగారు పోయి ఏడు నెలలైంది. ఆయన ట్రయంఫ్ టైగర్ కబ్ ఒకటి వెనక షెడ్డులో గోనెపట్టాలు కప్పి ఉంది. ఆర్సీ బుక్కు నాన్న పేరునే ఉంది. ఒకాయన వచ్చి ఇంజిన్ పట్టేసింది, ఫ్రేమ్ కూడా దీనిది కాదు, ఏదో బాంటమ్‌ది తగిలించారు, స్క్రాప్ కింద పద్దెనిమిది వేలకి తీస్కుంటా అన్నాడు. ఇంకొకాయన ఇంజిన్ ఒక్కటీ ఇమ్మంటున్నాడు. మాకు బండ్ల గురించి తెలీదు. ఇచ్చేయమంటారా?

జవాబు: అమ్మా, ఇద్దరికీ ఇవ్వొద్దు. నాన్నగారు ఆర్సీ బుక్కు ఇన్నేళ్లు దాచారంటే ఆ బండి ఆయనకి ఎంత ముఖ్యమో తెలుస్తోంది, పైన ఉత్తరం రాసిన తమ్ముడికి దొరకనిది అలాంటి ఆర్సీయే.

టైగర్ కబ్ 199 సీసీ, ఫోర్‌స్ట్రోక్, నాలుగు గేర్లు, 1954 నుంచి 1968 దాకా వచ్చింది. ఇక ఫ్రేమ్ సంగతి. ట్రయంఫ్ కంపెనీ 1951లోనే బీఎస్ఏ చేతికి పోయింది, అందుకని చివరి రోజుల్లో, 1966 నుంచి, కబ్ ఇంజిన్‌ని బాంటమ్ ఫ్రేమ్‌లో పెట్టి కంపెనీయే అమ్మింది. బాంటమ్ కబ్, సూపర్ కబ్ అని వాటి పేర్లు. కాబట్టి మీ ఆర్సీలో తయారైన సంవత్సరం 1966 గానీ ఆ తర్వాత గానీ ఉంటే, ఎవరూ ఏదీ తగిలించకపోవచ్చు, అది పుట్టిందే అలా అయ్యుండొచ్చు. ఆయనకి తెలియక అన్నాడో తెలిసే అన్నాడో మనకెందుకు.

ఇంజిన్ పట్టేయడం పెద్ద విషయం కాదు, ఏళ్లకేళ్లు కదలని బండి ఏదైనా పడుతుంది. ఎవర్నీ కిక్ మీద ఎక్కి తొక్కనివ్వొద్దు, లోపల పళ్లు విరుగుతాయి. ప్లగ్ తీయించి ఆ కంతలో కొంచెం డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి పది రోజులు అలా వదిలేయండి. కబ్‌లకి బలహీనత నూనె దగ్గర, నూనె మార్చకుండా తోలిన బండ్లకి క్రాంకు పక్క బుష్ అరిగిపోతుంది, అది చూసేది మేస్త్రి, కొనేవాడు తెచ్చుకుంటాడు. మీరు కడగొద్దు, రంగు వేయించొద్దు, ఆ దుమ్ముతోనే నాలుగువైపులా ఫోటోలు, రెండు నంబర్లూ, ఆర్సీ పేజీలూ తీసి పెట్టండి. ఇంజిన్ ఒక్కటీ అమ్మితే మిగిలిన దానికి కాగితం ఉన్నా లేనట్టే, ఆర్సీలో రెండు నంబర్లూ ఉంటాయి కదా.

అమ్మే ముందు బండి వారసుల పేరుకి మార్చుకోవాలి. దానికి ఫారం 31, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకారం. రూల్ ప్రకారం ఓనరు పోయిన 30 రోజుల్లో ఆఫీసుకి చెప్పి 3 నెలల్లో అప్లై చెయ్యాలి, మీకు ఏడు నెలలైంది కాబట్టి ఆలస్యానికి ఏమైనా కట్టమంటే కట్టేయండి, ఇంకా ఆలస్యం మాత్రం చెయ్యొద్దు. ఆర్సీ గడువు కూడా ఎప్పుడో అయిపోయి ఉంటుంది, రెన్యువల్‌కి బండి తనిఖీ ఉంటుంది, అది కొనేవాళ్లతో మాట్లాడుకోవచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా నడపాలని ఉంటే మాత్రం అమ్మకండమ్మా, ఇది నా మాట, మీ ఇష్టం.

ప్రశ్న: మాది తెనాలి. ఒకతను రెండో ప్రపంచ యుద్ధంలో విమానంలోంచి పారాచూట్‌తో దింపిన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఉందంటున్నాడు, 125 సీసీ అంట. అసలు అలాంటివి ఉన్నాయా? గేర్ రాడ్ ట్యాంకు పక్కన చేత్తో వేసేలా ఉంది, యుద్ధం బండికి అదే ప్రూఫ్ అంటున్నాడు.

జవాబు: ఉన్నాయి. ఫ్లయింగ్ ఫ్లీ అనేవాళ్లు, ఎగిరే మిడత కాదు, ఎగిరే పేడపురుగూ కాదు, ఫ్లీ అంటే కుక్కల మీద ఉండే గెంతే పురుగు, అంత చిన్నది అని. యుద్ధానికి ముందు హాలండ్‌లో డీకేడబ్ల్యూ బండ్లు అమ్మే కంపెనీ ఒకటి ఉండేది, ఓనర్లు యూదులని జర్మన్లు వాళ్లకి ఏజెన్సీ తీసేశారు, వాళ్లు ఎన్‌ఫీల్డ్ దగ్గరికొచ్చి అలాంటి చిన్న బండే మాకు చేసిపెట్టండి అని అడిగారు, అలా పుట్టింది. తర్వాత ఇంగ్లీషు సైన్యం దాన్ని ఇనప గొట్టాల చట్రంలో పెట్టి పారాచూట్‌తో దింపేది. సుమారు 60 కిలోల బండి, కంచె అడ్డొస్తే ఒక మనిషి ఎత్తి అవతల పెట్టుకునేవాడు.

కానీ చేతి గేరు ప్రూఫ్ కాదు. యుద్ధం అయిపోయాక మామూలు జనానికి అమ్మిన మోడల్ ఆర్‌ఈకి కూడా మొదట్లో చేతి గేరే, ముందు ఫోర్కుకి రబ్బరు బ్యాండ్లే. సైన్యం బండిలో హ్యాండిల్ మడిచే ఏర్పాటు ఉండేది, అది ఉందేమో చూడండి. అది లేకపోతే యుద్ధం కథకి అదనంగా ఇవ్వొద్దు. ఇంగ్లండ్‌లో 1946 నుంచి నడుస్తున్న వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ లైబ్రరీలో పాత కంపెనీల రికార్డులు చాలా ఉన్నాయి, ఫ్రేమ్ నంబరు పంపి ఫీజు కట్టి అడగొచ్చు. మామూలు ఆర్‌ఈ అయినా అరుదైన బండే అన్నా, కాగితం ఉంటే వదలొద్దు.

ప్రశ్న: తాడేపల్లి నుంచి రాస్తున్నా, బీటెక్ సెకండ్ ఇయర్. బాంటమ్ కొనుక్కుని రోజూ బ్యారేజీ మీదుగా కాలేజీకి వెళ్లొచ్చా?

జవాబు: వద్దు నాన్నా. వింటేజ్ కింద రిజిస్టర్ చేస్తే రోజువారీ వాడకం రూల్సే ఒప్పుకోవు, ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రమే రోడ్డెక్కాలి. మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని తోలినా సరే, చిన్న డ్రమ్ము బ్రేకులు, 6 వోల్టుల లైటు, ముందు బస్సు ఉన్నట్టుండి ఆగితే నువ్వు ఆగలేవు. పైగా గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి, కంగారులో కాలు పాత అలవాటు ప్రకారమే పోతుంది. రోజుకి స్ప్లెండర్, ఆదివారం తెల్లారి ఆరింటికి బాంటమ్. అప్పుడు బ్యారేజీ మీద గాలికి నువ్వూ బండీ ఇద్దరూ బాగుంటారు.

ప్రశ్న: బీఎస్ఏ బాంటమ్ 350 అని కొత్తది వచ్చింది కదా, దాని పార్టులు పాత బాంటమ్‌కి పడతాయా? (గుంటూరు అరండల్‌పేట)

జవాబు: పడవు. బీఎస్ఏ పేరుని 2016లో మహీంద్రా వాళ్ల క్లాసిక్ లెజెండ్స్ కొనుక్కుంది, 2025లో వచ్చిన బాంటమ్ 350 వాటర్ కూల్డ్ ఫోర్‌స్ట్రోక్, పేరు ఒక్కటే కలుస్తుంది.

ప్రశ్న: నాకు 175 సీసీ బాంటమ్ ఉంది, నాన్నగారి కాలం నుంచి గవర్నర్‌పేటలోనే ఉంది. ఈమధ్య వేడెక్కాక డల్ అవుతోంది, నెలరోజులు ఆపితే అసలు స్టార్ట్ అవట్లేదు. మేస్త్రి పెట్రోల్ మారిందంటున్నాడు. నిజమా?

జవాబు: మీ మేస్త్రి నిజమే చెప్తున్నాడు, ఆయన్ని వదులుకోకండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ గాలిలో తేమ లాక్కుంటుంది, మన కృష్ణ ఒడ్డున తేమ సంగతి తెలిసిందే, నెలరోజులు ఆపితే ఆ నీళ్లు ట్యాంకు అడుక్కి దిగి తుప్పు పడుతుంది, కార్బురేటర్‌లో తెల్లగా పేరుకుంటుంది. రెండోది, దాంతో మిక్స్చర్, అంటే పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం, పలచబడుతుంది, టూస్ట్రోక్‌కి అది వేడి, అందుకే డల్ అవుతోంది. కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న కంత ఉన్న మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేసి చూడమనండి, కొత్త ప్లగ్ వేసి పది కిలోమీటర్లు తోలి విప్పితే లేత కాఫీ రంగులో ఉండాలి, తెల్లగా ఉంటే ఇంకా పలచగా ఉన్నట్టు.

పాత పెట్రోల్ పైపు, ట్యాప్‌లో రబ్బరు, ఫైబర్ వాషర్లు మెత్తబడి ఉంటాయి, ఇథనాల్‌కి తట్టుకునే వైటన్ రబ్బరువి వేయించండి. ఆయిల్ లీటరుకి 40 మిల్లీలీటర్లు, మంచి టూటీ ఆయిల్, డబ్బాలో ముందే కలిపి ఊపి పొయ్యండి, ట్యాంకులో విడివిడిగా పోస్తే సరిగ్గా కలవదు. రెండు వారాల కంటే ఎక్కువ ఆపుతున్నారంటే ట్యాప్ కట్టేసి కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజిన్ నడిపించి ఆపండి, నెల దాటేటట్టుంటే ట్యాంకు కూడా ఖాళీ చేసి లోపల కొంచెం ఆయిల్ తిప్పి పెట్టండి. ముందు జెట్ మార్చి చూసి ప్లగ్ రంగు ఏమొచ్చిందో రాయండి.